వంటింటి పాటను ఎల్పీకెక్కించిన హొరేస్ సిల్వర్

'సాంగ్ ఫర్ మై ఫాదర్' అనే ఎల్పీ అట్ట మీద ఒక పెద్దాయన ఫొటో ఉంటుంది. నెత్తిన టోపీ, నోట్లో చుట్ట, నింపాదిగా కూర్చుని ఉంటాడు. పియానో వాయించి, బ్యాండు నడిపి ఆ రికార్డు చేసింది మాత్రం ఆయన కొడుకు హొరేస్ సిల్వర్. అట్ట మీదున్నది తండ్రి జాన్ టవారెస్ సిల్వర్. అమెరికాలో ఒక టైర్ల కంపెనీలో పనిచేసి కుటుంబాన్ని పోషించిన మనిషి. సంగీతం ఆయనకు తీరిక వేళ సరదా. అయినా అరవయ్యేళ్లుగా జాజ్ వినేవాళ్లంతా ఆ ముఖాన్ని గుర్తుపడుతూనే ఉన్నారు.

నేను జగదల్‌పూర్‌లో కీబోర్డు నేర్పుతాను. మాది విజయనగరం వైపు కుటుంబం. కొత్తవలస-కిరందుల్ రైలుమార్గంలో ఉద్యోగం వచ్చి మా నాన్న బస్తర్‌లోనే స్థిరపడ్డారు. నా దగ్గర తెలుగు పిల్లలు, హల్బీ మాట్లాడే పిల్లలు, గోండీ, దొర్లీ ఊళ్ల నుంచి చదువుకోసం వచ్చినవాళ్లు కలిసి కూర్చుంటారు. అందరికీ ముందు సినిమా పాట రావాలి. తర్వాత పెళ్లి ఊరేగింపుల్లో ధుమాల్ పార్టీతో కలిసి వాయించేంత చెయ్యి రావాలి. ఆ రెండూ వచ్చాక నేను హొరేస్ సిల్వర్ రికార్డులు వినిపిస్తాను. ప్రపంచంలో ఇంతమంది పియానో విద్వాంసులుండగా ఈయన్నే ఎందుకు పట్టుకున్నానంటే, బస్తర్‌లో కీబోర్డు పట్టే పిల్లలకు కావలసిన పాఠం ఈయన జీవితంలో ఉంది. అది ఆయన రికార్డుల వరసలోనే కనిపిస్తుంది.

నార్వాక్ ఇంట్లో పాట

హొరేస్ సిల్వర్ 1928 సెప్టెంబరు 2న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, నార్వాక్ పట్టణంలో పుట్టాడు. తండ్రిది కేప్ వెర్డె. ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న దీవుల దేశం అది. 1975 వరకు పోర్చుగీసువాళ్ల ఏలుబడిలో ఉంది. ఆ దీవుల్లో మాయో అనే దీవి నుంచి బతుకుతెరువు కోసం వలస వచ్చాడాయన. అసలు ఇంటిపేరు సిల్వా. అమెరికాలో అది సిల్వర్ అయింది. తల్లి గెర్‌ట్రూడ్ కనెక్టికట్ మనిషే. హొరేస్ చిన్నపిల్లాడుగా ఉండగానే ఆమె పోయింది.

తండ్రికి గిటారు, ఫిడేలు, మాండొలిన్ వచ్చు. ఎవరూ నేర్పలేదు, చెవితో పట్టుకున్నాడు. సాటి కేప్ వెర్డె వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లోనే పాట, అక్కడే ఆట. ఈ పిల్లాడు ఆ పాటలు వింటూ పెరిగాడు. కానీ మనసు పారేసుకున్నది మాత్రం వేరే సంగీతం మీద. పది, పదకొండేళ్ల వయసులో జిమ్మీ లన్స్‌ఫర్డ్ పెద్ద బ్యాండును విన్నాడు. ఆ రోజే సంగీతకారుణ్ణి కావాలని నిశ్చయించుకున్నాడు. హైస్కూల్లో టెనర్ శాక్సఫోన్ కూడా వాయించాడు. పియానోలో బడ్ పవెల్, థెలోనియస్ మంక్ రికార్డులే గురువులు.

1950లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఒక క్లబ్బులో ముగ్గురు సభ్యుల చిన్న బ్యాండు పెట్టుకుని వాయిస్తుండగా, అప్పటికే పేరున్న శాక్సఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ అక్కడ అతిథిగా వాయించడానికి వచ్చాడు. ఈ కుర్రాళ్ల వాద్యం నచ్చి ముగ్గుర్నీ తనతో తీసుకుపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో సిల్వర్ మొదటిసారి రికార్డింగ్‌లో కూర్చున్నాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. గెట్జ్ ఆయన వేళ్లనే కాదు, ఆయన కట్టిన బాణీలనూ వాడుకున్నాడు. 'స్ప్లిట్ కిక్' లాంటివి అలా రికార్డుకెక్కినవే. కొత్తగా వచ్చిన పియానో కుర్రాడు సొంత బాణీలతో రావడం అతని జాతకాన్నే మార్చింది. 1951లో న్యూయార్క్ చేరాడు.

హార్డ్ బాప్ అంటే ఏమిటి?

జాజ్ పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. జాజ్‌లో సాధారణంగా ముందు బాణీని అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఆ బాణీ కింద నడిచే కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) వరసనే ఆధారం చేసుకుని ఒక్కొక్కరూ సొంత కల్పన చేస్తారు. చివరికి మళ్లీ బాణీకి వస్తారు. మన కచేరీలో పల్లవి పాడి, కల్పనస్వరాలు వేసి, పల్లవికి తిరిగి రావడం తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

1940లలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ లాంటి మహానుభావులు బీబాప్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. వేగం పెరిగింది, కార్డులు చిక్కబడ్డాయి, కల్పన ఆకాశానికెగిరింది. అయితే అది కూర్చుని వినే సంగీతమైంది. అంతకుముందు జాజ్‌కు కాలు కదిపిన జనంలో చాలామంది దూరమయ్యారు. 1950ల మధ్యలో కొందరు యువకులు బీబాప్ విద్యను వదలకుండానే దాని కిందికి బ్లూస్ పాటను, నల్లజాతివారి చర్చి గానాన్ని, నాట్యానికి పనికొచ్చే దరువును మళ్లీ తెచ్చారు. దానికే హార్డ్ బాప్ అని పేరు. దాన్ని నిలబెట్టినవాళ్లలో డ్రమ్ములు వాయించే ఆర్ట్ బ్లేకీ ఒకడు, హొరేస్ సిల్వర్ మరొకడు.

సిల్వర్ పియానోను గుర్తుపట్టడం కష్టం కాదు. కుడిచెయ్యి చిన్న చిన్న పలుకులు పలుకుతుంది. ఒక్కో పలుకూ పాడుకోవడానికి వీలుగా ఉంటుంది. ఎడమచెయ్యి మంద్రంలో, కింది మెట్ల మీద, గుద్దినట్టు పడుతుంది. పక్కవాడు శాక్సఫోన్ మీద కల్పన చేస్తుంటే చాలామంది పియానో వాళ్లు వెనక మెల్లగా కార్డులు పరుస్తారు. సిల్వర్ అలా ఊరుకోడు. ఒక గత్తు పట్టుకుని దాన్ని మళ్లీ మళ్లీ కొడుతూ ఎదుటివాణ్ణి ముందుకు తోస్తాడు. మా ధుమాల్ కుర్రాళ్లకు ఆయన వాద్యంలో ముందు నచ్చేది అదే.

బ్లూ నోట్ గడప

బ్లూ నోట్ రికార్డు కంపెనీ 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. దాన్ని నడిపిన ఆల్ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్ నుంచి వచ్చినవాళ్లు. లయన్ రికార్డింగులు చూసుకునేవాడు, వుల్ఫ్ ఆ గదిలోనే ఫొటోలు తీసేవాడు. 1952లో శాక్సఫోన్ వాద్యకారుడు లూ డొనాల్డ్‌సన్ బ్యాండులో సిల్వర్ ఆ కంపెనీకి వాయించాడు. అదే ఏడాది అక్టోబరులో డొనాల్డ్‌సన్ మరో రికార్డింగ్‌కు రాలేకపోయాడు. తేదీ ఖాయమై ఉంది. లయన్ ఆ అవకాశాన్ని సిల్వర్‌కిచ్చి ముగ్గురితో చేయమన్నాడు. ఇంకొకరైతే అందరూ వాయించే పాత పాటలతో ఆ పూట గట్టెక్కేవారు. సిల్వర్ దగ్గర సొంత బాణీలున్నాయి. నాయకుడిగా ఆయన మొదటి రికార్డింగ్ అది. ఆ గడప తొక్కినవాడు 28 ఏళ్లపాటు బ్లూ నోట్‌ను వదల్లేదు.

ఈ కంపెనీ పద్ధతి ఒకటి మా దగ్గర ఆల్బంలు తీసేవాళ్లందరికీ చెప్పాలనిపిస్తుంది. రికార్డింగ్‌కు ముందు రిహార్సల్స్ పెట్టి, ఆ రోజులకు కూడా వాద్యకారులకు డబ్బిచ్చేవాళ్లు. అందువల్ల సిల్వర్ రాసిన చిక్కు బాణీలు కూడా రికార్డులో తడబాటు లేకుండా వినిపిస్తాయి. శబ్దం పట్టినవాడు రూడీ వాన్ గెల్డర్. పగలు కంటి పరీక్షలు చేసే వృత్తి ఆయనది. న్యూజెర్సీలోని హాకెన్‌శాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదినే స్టూడియోగా మార్చుకున్నాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకునేదాకా, హార్డ్ బాప్ రికార్డుల్లో గొప్పవి ఎన్నో ఆ ఇంటి గదిలో పుట్టినవే. పెద్ద హంగులు లేవని కూర్చునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1954 సిల్వర్‌కు పంటపండిన ఏడాది. ఫిబ్రవరి 21న న్యూయార్క్ బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో ఆర్ట్ బ్లేకీ బ్యాండు కచేరీని బ్లూ నోట్ రికార్డు చేసింది. ట్రంపెట్ మీద క్లిఫర్డ్ బ్రౌన్, పియానో మీద సిల్వర్. 'ఎ నైట్ ఎట్ బర్డ్‌ల్యాండ్' పేరుతో వచ్చిన ఆ రికార్డులను హార్డ్ బాప్‌కు తొలి మైలురాళ్లుగా చెబుతారు. ఏప్రిల్‌లో మైల్స్ డేవిస్ 'వాకిన్' రికార్డులోనూ పియానో ఆయనదే.

ఒక్క బాణీ కోసం పట్టుబట్టిన రోజు

1954 నవంబరు, 1955 ఫిబ్రవరిలో రెండు విడతలుగా చేసిన రికార్డింగులు 'హొరేస్ సిల్వర్ అండ్ ద జాజ్ మెసెంజర్స్' ఎల్పీగా వచ్చాయి. ట్రంపెట్ కెనీ డోరమ్, టెనర్ శాక్సఫోన్ హ్యాంక్ మోబ్లీ, బేస్ డగ్ వాట్‌కిన్స్, డ్రమ్ములు ఆర్ట్ బ్లేకీ. ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్ములు అనే అయిదు వాద్యాల కూర్పు హార్డ్ బాప్‌కు కొలమానమైంది.

రెండో విడతకు సిల్వర్ 'ద ప్రీచర్' అనే బాణీ తెచ్చాడు. చర్చిలో పాస్టరు ఒక మాట అంటే భక్తులు బదులు పలుకుతారే, ఆ ధోరణి దానిది. విన్నవాడెవడైనా రెండోసారికి కూనిరాగం తీయగలడు. ఆల్ఫ్రెడ్ లయన్‌కు అది నచ్చలేదు. మరీ పాతకాలపుదిలా ఉంది, తీసెయ్యమన్నాడు. సిల్వర్ ఒప్పుకోలేదు. ఈ బాణీ వద్దంటే ఇంకొకటి కట్టేదాకా రికార్డింగే వాయిదా వేద్దామన్నాడు. చివరికి లయన్ దిగొచ్చాడు. ఆ ఎల్పీలో జనం ఎక్కువగా అడిగి కొనుక్కున్నది ఆ పాటే. జిమ్మీ స్మిత్ మొదలుకొని ఎందరో దాన్ని తమ రికార్డుల్లో వాయించారు.

ఈ సంగతిలో నాకు గొప్పగా కనిపించేది ఆయన పట్టుదల ఒక్కటే కాదు. సులువుగా ఉన్న పాట తక్కువ పాట కాదని ఇరవై ఆరేళ్ల వయసులోనే ఆయనకు తెలుసు. సంగీతం నేర్చుకునే పిల్లలు కష్టమైనది వాయిస్తేనే గొప్ప అనుకునే వయసు అది.

అయిదుగురి ఇల్లు

1956లో సిల్వర్ ఆ జాజ్ మెసెంజర్స్ బ్యాండు నుంచి బయటికొచ్చాడు. పేరు బ్లేకీ దగ్గరే ఉండిపోయింది. సిల్వర్ తన సొంత పేరుతో అయిదుగురి బ్యాండు కట్టాడు. ఆ ఏడాది నవంబరులో చేసిన 'సిక్స్ పీసెస్ ఆఫ్ సిల్వర్'లోని 'సెన్యోర్ బ్లూస్' జనంలోకి వెళ్లింది. పన్నెండు బార్ల (తాళ ఆవర్తనాల) బ్లూస్‌ను ఆరెనిమిది తాళంలో, లాటిన్ అమెరికా వాసనతో నడిపిన బాణీ అది. అప్పట్లో అమెరికాలో హోటళ్లలో, బార్లలో నాణెం వేస్తే పాట పలికే జ్యూక్‌బాక్సులుండేవి. వాటి కోసం రెండు వైపులా ఒక్కొక్క పాటతో 45 స్పీడు చిన్న రికార్డులు వేసేవాళ్లు. సిల్వర్ బాణీలు ఆ పెట్టెల్లోకి వెళ్లాయి. భోజనానికొచ్చిన కార్మికుడు కూడా నాణెం వేసి జాజ్ విన్నాడంటే అది హార్డ్ బాప్ సాధించిన విజయం.

1959 నుంచి 1964 దాకా ఆయన బ్యాండులో ముందు వరస మారలేదు. ట్రంపెట్ బ్లూ మిచెల్, టెనర్ శాక్సఫోన్ జూనియర్ కుక్. బేస్ జీన్ టేలర్. డ్రమ్ములు ముందు లూయిస్ హేస్, తర్వాత ఎక్కువగా రాయ్ బ్రూక్స్. ఈ బ్యాండుతోనే 1959లో 'ఫింగర్ పాపిన్', 'బ్లోయిన్ ద బ్లూస్ అవే', 1960లో 'హొరేస్-స్కోప్', 1961లో విలేజ్ గేట్ క్లబ్బులో జనం ముందు చేసిన 'డూయిన్ ద థింగ్', 1962లో జపాన్ వెళ్లొచ్చాక 'ద టోక్యో బ్లూస్' చేశాడు. 'బ్లోయిన్ ద బ్లూస్ అవే' ఒక్కటే వినడానికి వీలైతే ఇందులో రెండు బాణీలు వరసగా వినండి. 'సిస్టర్ సేడీ' చర్చి చప్పట్ల వేగం. 'పీస్' నెమ్మదిగా సాగే పది బార్ల బాణీ. ఇంత దూరం ఉన్న రెండు మనఃస్థితులు ఒకే చేతి నుంచి వచ్చాయి.

రెండే ఊదు వాద్యాలతో పెద్ద బ్యాండు నిండుదనం తేవడం ఆయన నేర్పు. ట్రంపెట్, శాక్సఫోన్ ఏ స్వరం దగ్గర విడిపోవాలో, ఎక్కడ కలవాలో, మధ్యలో పియానో ఏ బదులివ్వాలో ముందే కాగితం మీద రాసేవాడు. కల్పన చేసేవాడికి స్వేచ్ఛ ఉంది, కానీ చుట్టూ గోడలు కట్టి ఉన్నాయి. ఒకే జట్టు ఏళ్ల తరబడి కలిసి ఉండకపోతే ఇది సాధ్యం కాదు. జట్టు విడిపోయినా ఆయన ఇల్లు బడిలాగే నడిచింది. డొనాల్డ్ బర్డ్, జో హెండర్సన్, వుడీ షా, రాండీ బ్రెకర్, మైకేల్ బ్రెకర్, టామ్ హారెల్ ఆయన దగ్గర పనిచేసి సొంతంగా ఎదిగినవాళ్లే. 1968లో ఆయన దగ్గర డ్రమ్ములు వాయించిన బిల్లీ కోబమ్, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ పెట్టిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో చేరాడు. అదే మెక్‌లాఫ్లిన్ మన కర్ణాటక, హిందూస్తానీ విద్వాంసులతో కలిసి 'శక్తి' బృందం పెట్టాడు.

నాన్న అడిగిన పాట

ఇక అసలు సంగతికి వస్తాను. మా దీవుల పాటలను నీ జాజ్‌లోకి తీసుకోవచ్చు కదా అని తండ్రి హొరేస్‌ను ఏళ్ల తరబడి అడిగేవాడు. కొడుక్కి అది రుచించేది కాదు. ఆ పాటలు పాత చింతకాయ పచ్చడిగానే తోచేవి. తర్వాతి రోజుల్లో ఆయనే ఈ మాట చెప్పుకున్నాడు. 'ద ప్రీచర్' పాతకాలపుది అన్న నిర్మాతతో తగువు పడి గెలిచిన మనిషే, సొంత తండ్రి పాటల మీద అదే మాట మోపాడు. చదువుకున్న మనందరి ఇళ్లలోనూ జరిగేదే ఇది.

1964 మొదట్లో బ్రెజిల్ సంగీతకారుడు సెర్జియో మెండెస్ ఆహ్వానం మీద సిల్వర్ రియో డి జనీరో వెళ్లి ఆయన ఇంట్లో ఉన్నాడు. కార్నివాల్ రోజులు. బ్రెజిల్ కూడా ఒకప్పుడు పోర్చుగీసు వలస, అక్కడి దరువులోనూ ఆఫ్రికా ఉంది. బోసా నోవా అనే కొత్త గానం అప్పుడు ఊరంతా మోగుతోంది. అది వింటుంటే చిన్నప్పుడు వంటింట్లో విన్న పాటల్లోని పస ఏమిటో ఆయనకు పట్టుబడింది. ఇంటికొచ్చి కట్టిన బాణీ 'సాంగ్ ఫర్ మై ఫాదర్'.

ఆ ఏడాది అక్టోబరు 26న ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ స్టూడియోలో కొత్త జట్టుతో దాన్ని రికార్డు చేశాడు. టెనర్ శాక్సఫోన్ జో హెండర్సన్, ట్రంపెట్ కార్మెల్ జోన్స్, బేస్ టెడ్డీ స్మిత్, డ్రమ్ములు రోజర్ హంఫ్రీస్. కీబోర్డు పట్టుకున్నవాళ్లెవరైనా ఈ బాణీ కింది కార్డులు ఇవాళే వాయించి చూడవచ్చు. ఎఫ్ మైనర్, అక్కణ్ణించి ఈ ఫ్లాట్, డీ ఫ్లాట్, సి. నాలుగు మెట్లు దిగడమే. కింద బేస్ షడ్జమం, పంచమం మధ్య ఊగుతూ ఉంటుంది. దాని మీద బాణీ తొందరేమీ లేకుండా, వీధిలో పెద్దమనిషి నడకలా సాగుతుంది. ఒకే భాగం రెండుసార్లు, వేరే భాగం ఒకసారి, మొత్తం ఇరవై నాలుగు బార్లు. ఇంత తక్కువ సరంజామాతో ఏడు నిమిషాలకు పైగా విసుగు రాకుండా నడిపించాడు. జో హెండర్సన్ కల్పన మెల్లగా మొదలై అరుపుదాకా వెళ్లే తీరు వినితీరాలి. పదేళ్ల తర్వాత, 1974లో, స్టీలీ డాన్ అనే రాక్ బ్యాండు చేసిన ఒక పెద్ద హిట్ పాట మొదలు ఈ బాణీ మొదలునే తలపిస్తుంది.

అదే ఎల్పీలో, అంతకు ఏడాది ముందు పాత జట్టుతో చేసిన 'కల్‌కటా క్యూటీ' అనే బాణీ కూడా ఉంది. మన కలకత్తా పేరు చూసి మా పిల్లలు ముందు దాన్నే పెట్టమంటారు. వింటారు, తలాడిస్తారు, తర్వాత మళ్లీ నాన్న పాటే అడుగుతారు. దూరం నుంచి ఊహించుకున్న ఊరికీ, సొంత ఇంటికీ ఉన్న తేడా వాళ్ల చెవికి తెలిసిపోతుంది.

1965లో దానికి కొనసాగింపుగా 'ద కేప్ వెర్డియన్ బ్లూస్' చేశాడు. వుడీ షా, జో హెండర్సన్‌లతో పాటు కొన్ని బాణీల్లో ట్రోంబోన్ దిగ్గజం జే.జే. జాన్సన్ కలిశాడు. 1968లో వచ్చిన 'సెరెనేడ్ టు ఎ సోల్ సిస్టర్' అట్ట మీద తన సంగీతానికి తాను పెట్టుకున్న సూత్రాలు రాశాడు. బాణీలో అందం ఉండాలి, అర్థమున్న సరళత ఉండాలి, కార్డుల్లో అందం ఉండాలి, లయ ఉండాలి. చివరిదిగా, పరిసరాల నుంచి, వంశం నుంచి, ప్రాంతం నుంచి, భక్తి నుంచి వచ్చిన ప్రభావం ఉండాలి. నేను మా తరగతి గోడ మీద తెలుగులోనూ హిందీలోనూ రాసిపెట్టింది ఈ అయిదే.

హక్కు, చివరి రికార్డులు

పేరు తెచ్చుకున్న సంగీతకారుల్లో చాలామంది కంటే సిల్వర్ బాగా నిలదొక్కుకుని బతికాడు. దానికి ఒక కారణం, బాణీల ప్రచురణ హక్కులు ఇతరులకు వదలకుండా ఎకరో అనే సొంత కంపెనీ పెట్టుకోవడం. హొరేస్ పేరు అక్షరాలను వెనకనుంచి రాస్తే వచ్చేదే ఆ పేరు. 'ద ప్రీచర్'నో, 'సెన్యోర్ బ్లూస్'నో వేరొకరు రికార్డు చేసిన ప్రతిసారీ బాణీ కట్టినవాడికి రావలసింది వచ్చింది.

1960ల మధ్యలో బ్లూ నోట్ పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది, 1967లో లయన్ విరమించుకున్నాడు. సిల్వర్ మాత్రం కొనసాగాడు. 1970ల మొదట్లో మనసు, ఆరోగ్యం, ఆధ్యాత్మికత గురించి సొంత సాహిత్యంతో, ఎలక్ట్రిక్ పియానోతో 'ద యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ మైండ్' పేరుతో మూడు ఆల్బంలు చేశాడు. ఆయన పాత శ్రోతల్లో చాలామందికి అవి రుచించలేదు. తర్వాత అయిదుగురి బ్యాండుకు ఒకసారి ఇత్తడి వాద్యాలు, ఒకసారి గాయకులు, ఒకసారి తాళ వాద్యాలు, చివరికి తంత్రీవాద్యాలు జతచేస్తూ ఒక వరస రికార్డులు తెచ్చాడు. దాంతో 1980లో బ్లూ నోట్‌తో బంధం ముగిసింది. సొంతంగా సిల్వెటో అనే లేబుల్ పెట్టాడు. దాని రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. 1993లో కొలంబియా కంపెనీకి 'ఇట్స్ గాట్ టు బీ ఫంకీ', 1996లో ఇంపల్స్ కంపెనీకి 'ద హార్డ్‌బాప్ గ్రాండ్‌పాప్' చేసి మళ్లీ జనంలోకి వచ్చాడు. 1998లో వర్వ్ కంపెనీకి చేసిన 'జాజ్ హాజ్ ఎ సెన్స్ ఆఫ్ హ్యూమర్' స్టూడియోలో ఆఖరిది. నాయకుడిగా మొదటి రికార్డింగ్‌కూ దీనికీ మధ్య 46 ఏళ్లు. 2006లో ఆత్మకథ వచ్చింది. 2014 జూన్ 18న, ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూశాడు.

బస్తర్ పిల్లలకు

మా ప్రాంతానికి సంగీతం లోటు లేదు. దసరాకు దంతేశ్వరి రథం ముందు మోహరీ, నగారా మోగుతాయి. ఊళ్లలో గురుమాయిలనే గాయనులు కుండ మీద చేట బోర్లించి, చేట మీద విల్లు ఆనించి, వెదురు పుల్లతో గీస్తూ ధన్‌కుల్ వాయించి రాత్రంతా జగార్ కథలు పాడతారు. దండామి మారియాల నాట్యంలో మగవాళ్ల పెద్ద డోళ్లకు ఆడవాళ్ల ఇనుప కర్రలు నేలను తాకి బదులిస్తాయి. కోంటా, భోపాలపట్నం వైపు రేల పాటలు తెలుగువాళ్లకూ తెలిసినవే. ఈ సంగీతాన్ని బయటివాళ్లు రికార్డు చేశారు. రోడరిక్ నైట్ అనే అమెరికన్ పరిశోధకుడు మురియా, మారియా గోండుల పాటలు పట్టి 1983లో ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ఎల్పీగా తెచ్చాడు. మన ఛత్తీస్‌గఢ్ రంగస్థల కళాకారుడు అనూప్ రంజన్ పాండే ఇక్కడి వాద్యాలను సేకరించి, వాటిని వాయించేవాళ్లతో 'బస్తర్ బ్యాండ్' కట్టారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ పనులకు చేతులెత్తి మొక్కాలి.

హొరేస్ సిల్వర్ చేసింది వీటికంటే వేరు. భద్రపరచడం కాదు, కొడుకు తన కొత్త వాద్యంతో తండ్రి పాటను ముందుకు నడిపించడం. ఆ పని ఇక్కడి ఇళ్లలో పుట్టిన పిల్లలే చేయాలి. కీబోర్డులో వందల గొంతులున్నాయి, దరువులున్నాయి. వాటితో పక్కరాష్ట్రపు సినిమా పాటకు నకలు తీయడమే విద్య అనుకుంటే, నకలు తీయడానికి రేపు ఇంకో పెట్టె వస్తుంది. వాళ్లమ్మ పాడే పాట మాత్రం ఆ పెట్టెలో ఉండదు.

దీంతోపాటు రెండు జాగ్రత్తలు చెబుతాను. ఊరంతా పాడుకునే పాట తీసుకుంటే అది ఏ ఊరిది, ఏ తెగది, ఎవరు పాడి వినిపించారు అన్నది రికార్డు మీద రాయాలి, వచ్చిన డబ్బులో వాళ్లకు వాటా ఉండాలి. సొంతంగా బాణీ కడితే దాని హక్కు వదులుకోకూడదు. నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు కట్టిన హల్బీ పాట ఇంకొకరి పేరు మీద వీడియోగా బయటికొచ్చింది. కాగితం లేక అతను ఏమీ చేయలేకపోయాడు. మన కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో వాటా హక్కు ఇచ్చింది. దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. పాటల రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సంస్థలో సభ్యులుగా చేరవచ్చు. తేదీ వేసి, పేరు రాసి, బాణీని నమోదు చేసుకోవడం మొదటి రికార్డింగ్ కంటే ముందు జరగాల్సిన పని.

బస్తర్‌లోనైనా, ములుగులోనైనా, శ్రీకాకుళంలోనైనా సంగీతం నేర్చుకునే పిల్లలున్న తల్లిదండ్రులకు నా మనవి ఇది. ఇంట్లో పాడే పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల చేత పాడించి ఫోన్‌లో పట్టి ఉంచండి. పిల్లలకు వినిపించండి. ఇదేం పాట అని వాళ్లు మూతి తిప్పితే బాధపడకండి, బలవంతం చేయకండి. హొరేస్ సిల్వర్ తండ్రి కోరిక తీర్చేసరికి ఆయనకు ముప్ఫై ఆరేళ్లు. పిల్లలకు ఆ పాట కావలసి వచ్చిన రోజున అది ఇంట్లో ఉండేలా చూడటం పెద్దవాళ్ల బాధ్యత.